కలివికోడి చిరునామా

గండికోటకు ఎగువన చిత్రావతిని కలుపుకొన్న పెన్నానది, కొండను నిలువునా కోసుకొని పోయి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల పక్కగా సాగి సిద్ధవటం చేరుతుంది. అక్కడికి దగ్గరలోనే లంకమల కొండలు. ఆ కొండల పాదాన ముళ్ళపొదల చిట్టడవి ఉంది. కట్టెలకూ మేకల మేతకూ తప్ప ఎందుకూ పనికిరాదని మనవాళ్ళు అనుకునే అడవి. ప్రపంచంలో పక్షులను గురించి వ్రాసిన పెద్ద పుస్తకాలలో మన కడప పేరు కనిపిస్తుందంటే కారణం ఆ చిట్టడవే. అక్కడుండే కలివికోడిని మరెక్కడా చూపించలేకపోయారు.

కలివి పొదల మధ్య తిరుగుతుంది గనుక దానికా పేరు. పేరుకు కోడియే గాని కోడిజాతి కాదు. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు, అంటే మీరు చేలలో చూసే తీతువు కంటె చిన్నది. రొమ్ముమీద రెండు గోధుమరంగు పట్టీలు, రెండు కంటెలు వేసుకొన్నట్లు ఉంటాయి. శాస్త్రీయ నామంలో ‘బైటార్క్వేటస్’ అనే మాటకు అర్థం సరిగ్గా అదే. జెర్డన్ అనే సైనిక వైద్యుడు దీనిని మన ప్రాంతంలో సంపాదించగా, 1848లో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించి పేరు పెట్టాడు. తరువాత గోదావరి లోయలో కొన్నిసార్లు కనిపించింది. 1900లో అనంతపురం దగ్గర ఒకరు చూశారు. ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ పక్షి అంతరించిపోయిందనే నమ్మకం బలపడింది.

మళ్ళీ ఎలా దొరికిందో తెలియాలంటే ముందు ఒక సంఘాన్ని గురించి తెలుసుకోవాలి.

1883 సెప్టెంబరు 15న బొంబాయిలో ఎనిమిదిమంది ఒకచోట కూర్చున్నారు. వారిలో ఇద్దరు భారతీయులు: ఆత్మారాం పాండురంగ్, సఖారాం అర్జున్. ఇద్దరూ వైద్యులే. నెలకొకసారి కలుసుకోవాలి, ఎవరికి దొరికిన పురుగునో పక్షినో వారు తెచ్చి మిగతావారికి చూపించాలి, తాము గమనించినది చెప్పాలి. ఆనాడు వారు అనుకొన్నది ఇంతే. అదే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ. కొద్ది నెలలకే ఫిప్సన్ అనే ద్రాక్షసారా వ్యాపారి తన దుకాణంలో చోటిచ్చాడు. 1886లో పత్రిక మొదలైంది.

ఇటువంటి సంఘం చేసే పనిలో ముఖ్యమైనది పైకి కనిపించదు. అది దాచిపెట్టటం. ఒక పక్షి చర్మాన్ని పాడుకాకుండా ఎండబెట్టి, కాలికి చిన్న చీటీ కడతారు. ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎవరికి అనే మూడు సంగతులు దానిమీద ఉంటాయి. చీటీ ఊడిపోయిందా, ఆ చర్మం విలువ చాలావరకు పోయినట్లే! మీ బడిలోని ప్రయోగశాలలో సీసాలకు అంటించిన కాగితాలు ఊడి ఉంటే ఈ రోజే మళ్ళీ అంటించండి.

ఈ సంఘం గడప ఒక బడిపిల్లవాడు కూడా తొక్కాడు. తాను కొట్టిన పిచ్చుక మెడమీద పసుపు మచ్చ ఎందుకున్నదో అతనికి తెలియలేదు. సంఘం కార్యదర్శి మిల్లర్డ్ అతనిని విసుక్కోలేదు. బీరువా సొరుగులు తెరిచి వరుసలు వరుసలుగా ఉన్న పక్షులను చూపించాడు. ఆ పిల్లవాడు సలీం అలీ. 1931-32లో హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వే చేసినది ఆయనే.

1980లలో సొసైటీ వారు కలివికోడి కోసం మన జిల్లాకు వచ్చారు. భరత్ భూషణ్ అనే యువ శాస్త్రజ్ఞుడు పక్షి బొమ్మను పల్లెల్లో చూపించి అడిగాడు. అడవి ఎరిగినవారు కొందరు తాము చూశామన్నారు. చివరకు 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడొకడు రాత్రిపూట దీపం వెలుగులో దానిని సజీవంగా పట్టుకొన్నాడు. 86 ఏళ్ళుగా శాస్త్రం పోగొట్టుకొన్న పక్షి ఎక్కడ ఉన్నదో అడవిలో తిరిగేవారికి తెలుసు! అడిగినవాడు లేకపోయాడు. వెతికినవారు పగటిపూట వెతికారు, అదేమో రాత్రి తిరిగే పక్షి. దాని పెద్ద పెద్ద కళ్ళే ఆ సంగతి చెబుతున్నాయి గదా. పట్టుబడిన పక్షి మాత్రం బ్రతకలేదు. దాని చర్మం బొంబాయిలో చీటీతో సహా భద్రంగా ఉంది. 1988లో లంకమల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు.

రాత్రి తిరుగుతూ మనిషి అలికిడికి దాగే పక్షిని లెక్కించటం ఎట్లా? 2000 తరువాత సొసైటీకి చెందిన జగన్నాథన్, ఇంగ్లండుకు చెందిన శాస్త్రజ్ఞులతో కలిసి చక్కని ఉపాయం చేశాడు. పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచారు. రాత్రి నడిచిన పక్షి ప్రొద్దున్నకు తన అడుగులను అక్కడ విడిచి ఉంటుంది. కలివికోడికి వెనుకవేలు లేదు, ముందువైపు మూడు వేళ్ళే. ఇతర పక్షుల అడుగులతో పోల్చి కొలతలు తీశారు. దానంతట అది ఫొటో తీసే కెమెరాలు కూడా పెట్టారు.

అప్పుడొక సంగతి బయటపడింది. రెండు మీటర్ల కంటె ఎత్తైన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉన్నచోటే ఈ పక్షి ఎక్కువగా ఉంటుంది. హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. కనుక పది మీటర్ల చదరంలో మూడు మొదలు ఏడు పొదలు అన్నమాట. అంతకంటె దట్టమైతే దానికి పరుగెత్తే చోటు ఉండదు, పలచనైతే దాగే చోటు ఉండదు. కట్టెలు కొట్టటం మితిమీరినా, మేత పూర్తిగా ఆగి పొదలు కమ్ముకొన్నా చేటే. కంచెవేసి తాళం పెడితే చాలునని అనుకొనేవారు ఈ లెక్క చూడాలి.

తెలుగుగంగ కాలువ ఈ అడవి అంచున తవ్వవలసి వచ్చినప్పుడు, 2005 ప్రాంతంలో, పెద్ద చిక్కే వచ్చింది. నీళ్ళ విలువ మనకు ఒకరు చెప్పాలా? గండికోట జలాశయం కోసం ఊళ్ళే కదిలిన నేల మనది. పక్షి కోసం కాలువను ఆపమంటే రైతు ఒప్పుకోడు, అతనిది తప్పు కాదు. కాని పక్షి ఖచ్చితంగా ఎక్కడ తిరుగుతున్నదో మట్టిపట్టీల వల్ల తెలిసి ఉన్నది గనుక, కాలువ మార్గాన్ని మార్చటం సాధ్యమైంది. కాలువా వచ్చింది, పొదలూ మిగిలాయి. కొంత పొదనేల తవ్వకంలో పోయిన మాట కూడా నిజమే.

2013లో మరో వింత వెలుగులోకి వచ్చింది. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో పడి ఉన్న గ్రుడ్డు, 1917లో కోలారు ప్రాంతంలో సేకరించినది, కలివికోడిదేనని డీఎన్ఏ పరీక్ష తేల్చింది. పోల్చటానికి కావలసిన ముక్క మరో మ్యూజియంలోని పాత చర్మం నుంచి దొరికింది.

ఇంతలో పక్షి మళ్ళీ మాయమైంది. చాలా ఏళ్ళు నమ్మదగిన ఆనవాలు లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రియులు ఒక రాత్రి దాని కూతను రికార్డు చేశారు. అది దాని కూతేనని పోల్చుకోగలిగారంటే, అంతకు ముందు వెతికినవారు రికార్డు చేసి దాచిన కూత ఉన్నది గనుకనే.

మీ ఊరి బయట పొదలున్న బీడులో పది మీటర్ల చదరాన్ని తాడుతో కొలిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టండి. మీకంటె బాగా ఎత్తున్న పొదలను వేరుగా, చిన్నవాటిని వేరుగా లెక్కించండి. పశువులు కాసేవారెవరైనా అక్కడుంటే ఆ పొదల పేర్లూ, వాటిలో తిరిగే పక్షుల పేర్లూ అడిగి, తేదీ వేసి నోటుబుక్కులో వ్రాసుకోండి.