డబ్బుకన్న ముందు ప్లాను: ఒక ఊరి ఆటస్థలం నేర్పిన పాఠం

“ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వ్యవహారం! పైసా మంజూరు కాలేదు, అప్పుడే ప్లానేమిటండీ?”

2024 జనవరిలో మా ఎన్.ఎస్.ఎస్. ప్రత్యేక శిబిరం జరిగిన ఊళ్ళో సర్పంచిగారు మొదటిరోజునే నవ్వుతూ అన్న మాట ఇది. కృష్ణా డెల్టా చివర ఉన్న ఆ ఊళ్ళో హైస్కూలు పక్కన సుమారు ఐదెకరాల ఖాళీస్థలం ఉన్నది. ఊరందరికీ పనికివచ్చే క్రీడోద్యానం అక్కడ ఏర్పడాలని పంచాయతీ కోరిక. మేమేమో సివిల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం వాళ్ళం. ప్లాను గీయడమంటే చెప్పలేనంత ఉత్సాహం. సర్పంచిగారి ప్రశ్నకు ఆనాడు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఏడాది తిరిగేసరికి దొరికింది. ఆ జవాబునే మిత్రుల ముందు పెడుతున్నాను.

డబ్బు ముందు వస్తే?

మా సొంత ఊరి సంగతితో మొదలుపెడతాను. నా చిన్నతనంలో అక్కడి ఆటస్థలానికి నిధులు వచ్చాయి. ప్లాను మాత్రం లేదు. వచ్చిన డబ్బంతా ప్రహరీగోడకు, పెద్ద ఆర్చి గేటుకు అయిపోయింది. లోపల నేల చదును చేయడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడక్కడ గోడ ఉన్నది, గేటు ఉన్నది, గేటుకు తాళం ఉన్నది. లోపల సర్కారుతుమ్మ ఏపుగా పెరిగి ఉన్నది. ఎనిమిదో తరగతి దాకా పరుగుపందాల్లో ముందుండే నేను, ఆ తరువాత పరుగెత్తడానికి చోటు లేక మానేశాను.

స్థలం ఎవరిది?

“అది పంచాయతీదే” అని అందరూ అంటారు. కాగితం చూసినవారు తక్కువ. కనుక అడంగల్ నకలు, ఎఫ్.ఎం.బి. పటం తెచ్చుకొని, సర్వేయరుచేత హద్దులు చూపించుకోవడం మొదటి పని. పోరంబోకు అన్నంతమాత్రాన చాలదు. ఏ పోరంబోకు అన్నది ముఖ్యం. చెరువులు, కుంటలు సమాజపు ఉమ్మడి వనరులనీ, వాటిని కాపాడాలనీ సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారుచేయమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది.

మేము వెళ్ళేనాటికే ఆ ఐదెకరాల్లో రోడ్డువైపు దుకాణాలు కడితే అద్దెలు వస్తాయన్న మాట ఊళ్ళో పుట్టింది. హద్దురాళ్ళు, గ్రామసభ తీర్మానం లేని ఖాళీస్థలం ఎంతకాలం ఖాళీగా ఉంటుందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

టేపు చెప్పిన నిజం

శిబిరానికి రాకముందే హాస్టల్లో కూర్చొని మేమొక నక్షా గీశాము. నాలుగువందల మీటర్ల ట్రాకు, చుట్టూ గ్యాలరీ. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. తీరా టేపు పట్టి కొలిస్తే స్థలం ఉత్తరదక్షిణాలు 160 మీటర్లు, తూర్పుపడమరలు 126 మీటర్లు. ఎనిమిది లేన్ల ప్రామాణిక ట్రాకుకు పొడవే సుమారు 177 మీటర్లు, వెడల్పు 93 మీటర్లు కావాలి. అదొక్కటే నాలుగెకరాలు మింగుతుంది. మా ట్రాకు గోడ దాటి పక్కవాళ్ళ చేలోకి పోయింది!

ఇదే స్థలంలో ఏది పడుతుందో అప్పుడు లెక్క చూశాము. హద్దుకు ఆరు మీటర్లు లోపలగా నడకబాట వేస్తే చుట్టు 524 మీటర్లు. రెండు చుట్లకు కిలోమీటరు దాటుతుంది. నూరు మీటర్ల పరుగుకు, మొదట 3, చివర 17 మీటర్లు కలిపి, 120 మీటర్ల తిన్నని దారి చాలు. ఫుట్‌బాలుకు 105కు 68, వాలీబాలుకు చుట్టూ ఖాళీతో కలిపి 24కు 15, కబడ్డీకి 13కు 10 మీటర్లు. అన్నిటికీ పొడవు ఉత్తరదక్షిణాలుగా ఉండాలి. లేకపోతే సాయంకాలం ఒక జట్టు కళ్ళల్లో ఎండ పడుతుంది.

ఏడు రోజుల పట్టిక

శిబిరం ఏడు రోజులు. తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం ఆ స్థలంలో ఎవరున్నారో, ఏం చేస్తున్నారో పట్టిక వ్రాశాము. పొద్దున్నే నడిచే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. పగలు కళ్ళం: సంక్రాంతి దాటినా కొందరు రైతులు అక్కడ ధాన్యం ఆరబెడుతున్నారు. సాయంత్రం కుర్రాళ్ళ క్రికెట్టు, ఒక మూల కబడ్డీ. ఆటాడే బాలికలకని ఒక గడి పెట్టుకొన్నాము. ఆ గడి ఏడు రోజులూ ఖాళీగానే ఉండిపోయింది.

హైస్కూలుకు వెళ్ళి ఆడపిల్లలనే అడిగాను. ఆడాలని లేక కాదన్నారు. మరుగుదొడ్డి లేదు, ఆరు దాటితే చీకటి, ఎటు నిలబడ్డా క్రికెట్టు బంతి వచ్చి తగులుతుంది. “బడి పక్కనే మాకో కోర్టు ఉంటే చాలక్కా” అన్నారు. గ్యాలరీ కావాలని ఒక్కరూ అడగలేదు. రెండో నక్షాలో వాళ్ళకు వాలీబాలు కోర్టు పెట్టాము. కాని మగపిల్లలకు దూరంగా ఉంటే మంచిదని మాకు మేమే అనుకొని ఆగ్నేయమూలకు నెట్టాము. కళ్ళాన్ని పొమ్మనలేదు. కోతల రోజులలో ఫుట్‌బాలు స్థలంలో ఉత్తరపు సగం రైతులకు, మిగతా కాలం ఆటకు అని పంచాంగం వ్రాశాము.

వాన దిద్దిన తప్పు

జూలైలో పెద్దవాన కురిసిన మర్నాడు మళ్ళీ వెళ్ళాము. మేము కోర్టు గీసిన ఆగ్నేయమూలలో మోకాలిలోతు నీళ్ళు! గట్టున నిలబడ్డ ఒక ముసలి రైతు, “అది పాత బోదెకాలువమ్మా. పూడిపోయి చాలా ఏళ్ళయింది. మమ్మల్నడిగితే చెప్పేవాళ్ళం గదా” అన్నాడు. తిరిగివచ్చి ఎఫ్.ఎం.బి. చూస్తే అక్కడ సన్నగా కాలువ గీత ఉండనే ఉన్నది. జనవరిలో చూసీ పట్టించుకోనిది మేమే.

లెక్క కట్టి చూడండి. ఆ స్థలం మీద పది మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్ల నీరు. అది పోయే దారి ముందు గీసి, ఆటలు తరువాత గీయాలి. మూడో నక్షాలో నూటికి ఒక మీటరు వాలు పెట్టి, ఆ మూలను గడ్డినేలగా, ఇంకుడుగుంటగా వదిలేశాము. నడకబాట దాటేచోట తూము పెట్టాము. వాలీబాలు కోర్టు పడమటివైపు బడి పక్కకు వచ్చింది. “మేము ముందే ఇక్కడ అడిగాం గదక్కా!” అన్నారు పిల్లలు. ఏమంటాను?

డబ్బు వచ్చి, రెండో నక్షా ప్రకారం కట్టి ఉంటే ఈ తప్పు సిమెంటులో మిగిలేది. కాగితం మీద గనుక రబ్బరుతో పోయింది.

దశలు, అంచనాలు

నిధులు ఒక్కసారిగా రావు. అందుచేత పనిని దశలుగా విడగొట్టాలి. ఏ దశ దగ్గర డబ్బు ఆగిపోయినా, అప్పటిదాకా చేసినది పనికివచ్చేటట్టు ఉండాలి.

మొదటి దశ: హద్దురాళ్ళు, మురుగుకాలువ, పడమటివైపు వేప, కానుగ మొక్కలు.

రెండవ దశ: నేల చదును, నల్లరేగడిపైన ఎర్రమట్టి, నడకబాట, కబడ్డీ, వాలీబాలు కోర్టులు, మరుగుదొడ్లు, మంచినీళ్ళు, దీపాలు.

మూడవ దశ: సిమెంటు బాస్కెట్‌బాలు కోర్టు, గట్టుమీద కూర్చునే మెట్లు.

మూడవ దశలో తవ్వవలసినది రెండవ దశలో పూడ్చరాదు. బాట వేసేటప్పుడే కరెంటు తీగలకోసం అడ్డంగా ఖాళీ పైపులు పెట్టి ఉంచాలి. గేటు ట్రాక్టరు పట్టేంత వెడల్పుండాలి.

అంచనాను ముందు పరిమాణాలలో వ్రాయాలి. ఉదాహరణకు నడకబాట 524 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు: గ్రావెలు సుమారు 157 ఘనపుమీటర్లు. రేట్లు మారుతూంటాయి, ఘనపుమీటర్లు మారవు. డబ్బు వచ్చేనాటి రేటు వేసుకొంటే అంచనా సిద్ధం.

ఊడ్చేది ఎవరు?

దారులు లేకపోలేదు. 1993లో మొదలైన ఎంపీ లాడ్స్ ఉంది. 2013 కంపెనీల చట్టంలో సామాజిక బాధ్యత కింద చేయదగిన పనుల జాబితాలో గ్రామీణ క్రీడల శిక్షణ ఉంది. కాని ఎవరిని అడగబోయినా మూడు ప్రశ్నలు ఎదురవుతాయి: స్థలం ఎవరిది, అంచనా ఎంత, తరువాత చూసుకొనేది ఎవరు? మూడో ప్రశ్న దగ్గరే చాలామంది నీళ్ళు నములుతారు. గడ్డి కోయడం, దీపాలు మార్చడం, మరుగుదొడ్డి కడగడం, వీటికి మనిషెవరు, జీతమెక్కడిది అన్నది తీర్మానంలో ఉండాలి. మరుగుదొడ్డికి తాళం పడితే ఆడపిల్లల గడి మళ్ళీ ఖాళీ అవుతుంది.

ముగింపు

నిధులు ఇంకా రాలేదు. కాని గ్రామసభ తీర్మానం అయింది, హద్దురాళ్ళు పడ్డాయి, దుకాణాల మాట వెనక్కి పోయింది. శ్రమదానంతో కాలువ తవ్వి, సున్నంతో నడకబాట గుర్తు పెట్టాము. బడి పక్కన రెండు సరుగుడు కర్రలు పాతి నెట్టు కట్టాము; సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆడపిల్లలకని ఊరంతా ఒప్పుకొన్నది. 2025 జనవరి శిబిరంలో అదే పట్టిక మళ్ళీ వ్రాశాము. ఆ గడిలో పడిన అంకె చిన్నదే. కాని గడి ఖాళీగా లేదు.

నెట్టు దగ్గర ఆట చూస్తూ సర్పంచిగారు అన్నారు: “సోమలింగం అప్పుడే నడక మొదలెట్టాడండోయ్!”

మిత్రులారా! ఈ వేసవి సెలవుల్లో మీ ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఒక టేపు, ఒక నోటుబుక్కు పట్టుకొని మీ ఆటస్థలం దగ్గరకు వెళ్ళండి. కొలవండి. అక్కడ ఎవరున్నారో వ్రాయండి. ఎవరు లేరో కూడ వ్రాయండి. వానపడ్డ మర్నాడు మరొకసారి వెళ్ళండి. వీటిలో ఏ ఒక్కదానికీ ఎవరి మంజూరూ అక్కరలేదు.