రేడియేషన్ తరువాత బిడ్డ ఎత్తు కొలుస్తున్నారా?

మెదడులో కంతికో, రక్త కేన్సరుకో తలకు రేడియేషన్ పొంది బయటపడిన బిడ్డ మీ ఇంట్లో ఉన్నాడా? మీ విచారణలో అటువంటి కుటుంబం ఉందా? అయితే ఈ సంగతి మీరు తెలుసుకోవాలి. వ్యాధి నయమైంది, బిడ్డ దక్కాడు. రెండు మూడేళ్ళు గడిచాక చూస్తే పాత చొక్కాలే ఇంకా సరిపోతుంటాయి. తమ్ముడు వాణ్ణి దాటిపోతాడు. "చచ్చి బతికిన బిడ్డ, ఎత్తుదేముంది" అని పెద్దలు సర్ది చెబుతారు. ప్రేమతో అనే మాటే గాని, అది విని ఊరుకుంటే వైద్యానికి లొంగే కాలం కాస్తా చేజారిపోతుంది.

మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. పెరుగుదల హార్మోను తయారయ్యేది అక్కడే. దానిని నడిపించేది పైనున్న హైపోథాలమస్. కంతి వేరొకచోట ఉన్నా కిరణాలు ఈ రెండింటి మీద పడవచ్చు. అలా పడితే అన్నిటికంటె ముందు తగ్గేది సాధారణంగా పెరుగుదల హార్మోనే. వెంటనే కాదు, కొన్నేళ్ళకు. 18 గ్రే, అంతకు మించి పడిన పిల్లలను కనిపెట్టి ఉండాలి. 30 గ్రే దాటితే చాలామందిలో అయిదేళ్ళలోపే లోపం బయటపడుతుంది. (గ్రే అంటే రేడియేషన్ కొలత. మీ బిడ్డకు ఎంత ఇచ్చారో ఆసుపత్రి కాగితాలలో ఉంటుంది, వాటిని పారేయకండి.) రక్త కేన్సరు పిల్లలకు తలకు 24 గ్రే ఇవ్వడం 1970లలో పరిపాటి. నేడు వారిలో చాలామందికి తలకు రేడియేషనే ఇవ్వడం లేదు. కొన్ని మెదడు కంతులకు మాత్రం తప్పడం లేదు.

ఇందులో ఒక మోసం ఉంది. అదే రేడియేషన్ వల్ల కొందరు ఆడపిల్లలు 8 ఏళ్ళలోపే, మగపిల్లలు 9 ఏళ్ళలోపే ఈడేరడం మొదలవుతుంది. అప్పుడు బిడ్డ చక్కగా ఎదుగుతున్నట్లే కనబడతాడు, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. హార్మోను లోపం ఆ చాటున దాగి ఉంటుంది. ఈలోగా ఎముకల చివరలు తొందరగా మూసుకుపోతాయి. మూసుకున్నాక ఏ మందూ ఎత్తు పెంచలేదు. వెన్నెముకకు కూడా రేడియేషన్ ఇచ్చి ఉంటే మొండెం పొట్టిగా మిగులుతుంది, దానికి హార్మోను కూడా అంతగా పనిచేయదు.

కాబట్టి ఆరు నెలలకోసారి బిడ్డను చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి గీత గీయండి, పక్కన తేదీ వేయండి. నాలుగేళ్ళ వయసు దాటాక ఏటా 5, 6 సెంటీమీటర్లు పెరగాలి. 4 కూడా పెరగకపోతే పిల్లల హార్మోను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ఎడమచేతి ఎక్స్‌రే తీస్తారు, థైరాయిడ్ కూడా చూస్తారు. పెరుగుదల హార్మోను రోజంతా ఒకేలా ఉండదు గనుక, మందు ఇచ్చి పలుమార్లు రక్తం తీసి పరీక్షిస్తారు.

వైద్యం సాధారణంగా రోజూ రాత్రి చర్మం కింద చిన్న ఇంజెక్షను, ఏళ్ళ తరబడి. 1985 వరకు ఈ మందును మృతుల పీయూష గ్రంథుల నుండి తీసేవారు. దానివల్ల కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు సోకడంతో ఆపివేశారు. ఇప్పటిది ప్రయోగశాలలో తయారైనది. కేన్సరు తిరగబెడుతుందేమో అన్న భయం సహజమే. ఇంతవరకు జరిగిన పరిశీలనల్లో అలా తేలలేదు. అయినా కేన్సరు చికిత్స ముగిసి కనీసం ఏడాది ఆగి, కేన్సరు వైద్యుని సమ్మతితోనే మొదలుపెడతారు. ఖర్చు బాగా ఎక్కువ, ముందే అడిగి తెలుసుకోండి. బజారులో దొరికే ఎత్తు పెంచే పొడులకు ఆ డబ్బులో పైసా కూడా పెట్టకండి.