పాపికొండల పడవ
పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27:9–44

కోతలు ముగిసి క్రిస్మసు పండుగ గడచిన పిమ్మట మన సంఘములలోని యౌవనస్థులు, సండేస్కూలు పిల్లలు పిక్నిక్కునకు బయలుదేరుదురు. కొందరు మారేడుమిల్లి అడవికి, అనేకులు పాపికొండలకు పోవుదురు. ఇది మంచిదే. అలసిన శిష్యులను ప్రభువు దోనెలో అరణ్య ప్రదేశమునకు తీసికొనిపోయెనని మార్కు 6వ అధ్యాయములో చదువుచున్నాము. ఏడాది పొడుగున బురదచేలలో నడుము వంచినవారికి ఒక దినము కొండగాలి తగులుట విలాసమని మేము తలంచము. ఆ అడవి 2008లో జాతీయవనమాయెను. అది కొండరెడ్ల నివాసస్థలము గనుక అచ్చటికి అతిథులవలె పోవలెను; విస్తళ్లు, సీసాలు పారవేసి రాకూడదు.

అయితే నదిని గూర్చి కొంత తెలిసికొనవలెను. రాజమండ్రి వంతెనమీద మనము చూచు గోదావరి మైలున్నరకు పైగా వెడల్పు. అదే నీరు ఎగువన కొండల నడుమ ఇరుకు సందులోనుండి వచ్చును. వెడల్పు తగ్గినచోట లోతు పెరుగును, వేగము హెచ్చును, మలుపులలో సుడులు పుట్టును. మన ఊరి కాలువలో ఈదిన అలవాటు అచ్చట అక్కరకు రాదు.

2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ గుడి రేవునుండి బయలుదేరిన విహారపు పడవ కచ్చులూరు వద్ద మునిగెను. అప్పుడు నది వరదమీద నున్నది; సెకనుకు సుమారు అయిదు లక్షల ఘనపుటడుగుల నీరు పారుచున్నది. పడవలో 77 మంది యుండగా 26 మంది మాత్రమే బ్రదికిరి. జాకెట్లు పడవలో నున్నను అనేకులు వాటిని ధరించి యుండలేదు. ఒడ్డునున్న గిరిజనులు తమ నాటుపడవలతో వచ్చి కొందరిని రక్షించిరి. ఆ దినము ఆదివారము గనుక అది శిక్ష యని తీర్పు చెప్పుటకు మనకు అధికారము లేదు. సిలోయము గోపురము కూలి చచ్చిన పదునెనిమిదిమందిని గూర్చి ప్రభువు అట్టి మాట ఒప్పుకొనలేదు.

ఇప్పుడు పాఠ్యభాగము చూడుడి. కాలము మించిపోయినది, ప్రయాణము అపాయకరమని పౌలు చెప్పెను. శతాధిపతి అతని మాటకంటె నావికుని మాట, ఓడ యజమానుని మాట ఎక్కువగా నమ్మెను. అతడు దుర్మార్గుడు కాడు. వారున్న రేవు చలికాలము గడపుటకు అనుకూలముగా లేదు. పైగా దక్షిణపు గాలి మెల్లగా వీచెను. ఇంకేమి, అనుకొనిరి. కొంతసేపటికే పెనుగాలి కొట్టెను.

మనకును ఈ దక్షిణపు గాలి వీచును. బస్సుకు అడ్వాన్సు ఇచ్చితిమి, పులిహోర కలిపితిమి, పిల్లలు తెల్లవారకముందే లేచి కూర్చున్నారు, ఇప్పుడు మానుకొందుమా? అట్టి వేళ “నీళ్లు ఎఱ్ఱగా ఉన్నవి, బాబూ, ఈ వారము వద్దు” అని ఒక ముసలి పడవవాడు గాని, పిల్లల తల్లి గాని అనినయెడల మనము వారిని పిరికివారందుము. ఆ ముసలివానికి టిక్కెట్టు సొమ్ములో భాగము లేదు గనుక అతని మాట మొదట వినదగినది. అడ్వాన్సు పోయిన పోనిండు.

విహారము శీతకాలములో పెట్టుకొనుడి. రేవులో కంట్రోల్ రూమువారు పడవను విడుచుచున్నారో లేదో అడుగుడి; వారు ఆపినయెడల బతిమాలకుడి. పాస్టరుగారు, పెద్దలు జాకెట్టు ముందుగా తొడిగినయెడల పిల్లలు మారు మాటాడక తొడుగుదురు. ఫోటో తీయించుకొనునప్పుడును, అన్నము తినునప్పుడును దానిని విప్పకూడదు.

మరియొక సంగతి. ఓడలో 276 మంది యుండిరని లూకా లెక్క వ్రాసెను; అందరును ఒడ్డు చేరిరి. కచ్చులూరులోనైతే పడవలో ఎందరుండిరో మొదట ఎవరికిని సరిగా తెలియలేదు. కావున బస్సు కదలకముందే చంటిపిల్లలతో సహా అందరి పేర్లు రెండు కాగితములమీద వ్రాయుడి. ఒకటి మీయొద్ద ఉంచుకొని, రెండవది ఊరిలో నిలిచిపోయిన వారెవరికైన ఇచ్చి పొండి.