ఆల్బమ్‌లో ఏది పెట్టారు, ఏది వదిలేశారు?

ఏడో తరగతి పిల్లలకు సోషల్‌లో ‘మా ఊరు’ ఫోటో ఆల్బమ్ ప్రాజెక్ట్ ఇచ్చాను. బయటివాళ్లు చూస్తే ఇక్కడికి రావాలనిపించాలి అన్నాను. చాలా ఆల్బమ్‌లలో వచ్చినవి తిరుమల, చార్మినార్, హార్స్‌లీ హిల్స్. అన్నీ నెట్‌లోంచి తీసిన కలర్ ప్రింట్లే. వి.కోట కనబడలేదు. ఒక్క పాప మాత్రం టమాటా మండీలో క్రేట్ల పక్కన కూర్చున్న వాళ్ల తాత ఫోటో అంటించింది. గమ్ మరకలున్నాయి, నీట్‌గా లేదని పదికి ఆరు వేశాను.

తర్వాత క్లాసు కోసం జపాన్ పాత ఆల్బమ్‌ల గురించి చదివాను. 1870, 80లలో యోకోహామా రేవులో దిగే విదేశీ యాత్రికుల కోసమే అక్కడి స్టూడియోలు ఆల్బమ్‌లు చేసి అమ్మేవి. కుసకబె కింబెయి స్టూడియో వాటిలో పేరున్నది. కలర్ ఫిల్మ్ లేని రోజులు కదా, ప్రింట్ల మీద మనుషులే కుంచెతో రంగులు వేసేవారు. ఎంత ఓపికో! లోపల ఫ్యూజీ కొండ, కిమోనో కట్టిన ఆడవాళ్లు, కత్తి పట్టిన సమురాయ్ వీరులు. అయితే టోక్యో, యోకోహామా మధ్య 1872లోనే రైలు నడిచింది. కత్తి కట్టుకుని తిరగడాన్ని 1876లో ప్రభుత్వమే నిషేధించింది. అయినా స్టూడియోలో ఎవరికో కవచం తొడిగి నిలబెట్టేవారు. కొనేవాళ్లకు కావలసింది అదే మరి.

“అయితే అబద్ధం ఫోటోలా మిస్?” అన్నారు పిల్లలు. కొండ నిజమే, కిమోనో నిజమే. రైలుకే అంత చోటు దొరకలేదు.

మనవైపు ఇలాంటి పని చేసినవారు లాలా దీన్ దయాళ్. మీరట్ దగ్గర పుట్టి, 1880లలో హైదరాబాద్ వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. కోటలు, మహళ్లు, వేట దృశ్యాలు తీశారు. కరువు సహాయ పనుల ఫోటోలూ తీశారు. వాటిలో కూలీలు కనిపిస్తారు, కానీ ఆ ఆల్బమ్ ఉద్దేశం నిజాం చేసిన మేలు చూపించడం. మనకు ఇంకా దగ్గరి ఊరు కావాలంటే, కుప్పం దాటి కృష్ణగిరి వైపున్న రాయకోటను లిన్నేయస్ ట్రైప్ 1857-58లోనే ఫోటోలు తీశాడు. ఆయన మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫర్, యాత్రికుల కోసం తీసినవి కావు.

ఇదంతా చదివాక ఆ పాప ఆల్బమ్ మళ్లీ తీసి చూశాను. యాత్రికుల కోసం ఆల్బమ్ చేయమన్నది నేనే, చేయనందుకు మార్కులు కోసిందీ నేనే. ఆరును తొమ్మిది చేశాను. గమ్ మరకలకు ఒక మార్కు పోయింది, అది తప్పదు.

మిగతా పిల్లలు ఈ నెల మళ్లీ చేస్తున్నారు. నెట్ ప్రింట్లు వద్దు. ఇంట్లో పాత ఫోటో ఉంటే పిల్లలతో కూర్చుని, ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు, ఆ రోజు ఫోటోలో పడనిది ఏముంది అని మాట్లాడండి. అవ్వా తాతలుంటే వాళ్లను చెప్పనివ్వండి. ఒరిజినల్ మాత్రం స్కూలుకు పంపకండి. ఫోన్‌లో కాపీ తీసి ప్రింట్ వేస్తే చాలు, గమ్ అంటితే పాత ఫోటో మళ్లీ రాదు.