డిప్లొమా కన్నా ముందు కుట్టుమిషన్

‘సస్టైనబుల్ ఫ్యాషన్’ అనే మాట ఇప్పుడు హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్ ఇళ్లలోనూ వినిపిస్తోంది. పాత జీన్స్‌తో ల్యాప్‌టాప్ కవర్లు, చిరిగిన పట్టుచీర అంచుతో పర్సులు కుడతామంటున్న పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. వెంట వచ్చిన తల్లిదండ్రుల్లో కొందరు ‘ఇంత చదివించింది మిషన్ తొక్కడానికా’ అని కోప్పడతారు. ఇంకొందరు ఆ వారమే లక్షలు కట్టి ఏదో డిప్లొమాలో చేర్పించేస్తారు. ఇద్దరికీ నా సలహా ఒకటే. ముందు మంచి మిషన్ కొనివ్వండి, ఏడాదిపాటు కుట్టనివ్వండి.

కుట్టుపనిని చిన్నచూపు చూసే మాటలకు నేను ఓర్చుకోలేను. పాత నూలుచీరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టిన ఇళ్లు మనవి. గుడ్డ ముక్కలు, అద్దాలు, గవ్వలు కలిపి కుట్టే లంబాడా స్త్రీల పనితనం మన తండాలది. జ్యూరిక్‌లో ఫ్రైటాగ్ సోదరులు 1993లో లారీల పాత టార్పాలిన్లతో భుజానికి వేసుకునే సంచులు కుట్టడం మొదలుపెట్టారు. ఆ పేరు ఈరోజు అంతర్జాతీయ బ్రాండ్.

అయితే ‘పాత బట్టలు ఊరికే వస్తాయి, ఖర్చేముంది’ అనే భ్రమే ఈ దారిలో ఎక్కువమందిని ముంచుతుంది. బట్ట ఊరికే రావచ్చు, శ్రమ రాదు. ఉతకాలి, కుట్లు విప్పాలి, మరకలూ చిరుగులూ తప్పించి కత్తిరించాలి. ఒక కవరుకు రెండు గంటలు పట్టిందనుకోండి. గంటకు 100 రూపాయల కూలి వేసుకుంటే 200. జిప్పు, ఫోమ్, లైనింగ్ కలిపి 80. దాన్ని 250కి అమ్మితే 30 రూపాయలు చేతి నుంచి పోయినట్టే. స్టాల్ అద్దె, దుకాణం కమీషన్ ఇంకా కలపలేదు. ఈ లెక్క రానివారికి ఎంత మంచి డిజైన్ వచ్చినా లాభం లేదు.

ఇక అమ్మకం సంగతి. మాదాపూర్ చుట్టూ ఉన్న ఐటీ కారిడార్‌లో సరుకూ కొనేవారూ పక్కపక్కనే ఉన్నారు. కానీ ఒక కంపెనీ దీపావళి కానుకగా 200 కవర్లు అడిగితే, 200 జీన్స్ ఒకే రంగులో దొరకవు. కొలత, జిప్పు, లైనింగ్ ఒకేలా ఉంచి, పైబట్ట మాత్రం దేనికదే వేరుగా ఉంటుందని ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పాలి. కంపెనీ వేడుకల్లో పంచిన టీషర్టులు ఒకే రంగులో కుప్పలుగా వస్తాయి, నిజమే. అవి అల్లిక బట్టలు, సాగుతాయి. వెనక సాగకుండా అతికించే ఫ్యూజింగ్ బట్ట వేసి, బాల్‌పాయింట్ సూదితో కుట్టాలి. డెనిమ్ మడతలకు 16 లేదా 18 నంబరు సూది కావాలి. ఇంట్లో వాడే చిన్న మిషన్ మందపాటి మడతల దగ్గర మొరాయిస్తుంది. ఇవన్నీ చెయ్యి కాల్చుకుంటేనే వస్తాయి.

చదువుల సంగతి: ఇంటర్ ఏ గ్రూపు వారైనా ప్రవేశ పరీక్షతో జాతీయ ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్‌లో డిజైన్ డిగ్రీ చేయవచ్చు, పదో తరగతి పాసైతే ఐటీఐలో ఏడాది సీవింగ్ టెక్నాలజీ ఉంది.

1995లో మొదలైన నిఫ్ట్ హైదరాబాద్ కేంద్రం మాదాపూర్‌లోనే ఉంది, మంచి సంస్థ. కాకపోతే నాలుగేళ్ల ఫీజే పది లక్షలు దాటుతుంది. ఆ సీటు కోసం తొమ్మిదో తరగతి నుంచే బొమ్మలు బట్టీ పట్టించే కోచింగులు వచ్చాయి. గీయడం మీద పిల్లకున్న ఇష్టాన్ని అవే చంపేస్తున్నాయి. దయచేసి పంపకండి. ప్రైవేటు డిప్లొమాలో చేరేముందు మిషన్లు ఎన్ని, విద్యార్థులు ఎందరు అని అడగండి. పోయిన బ్యాచ్ కుట్టిన సంచిని లోపలివైపు తిప్పి కుట్లు చూడండి. నూరు శాతం ఉద్యోగం అంటే కాగితం మీద రాసిమ్మనండి.

నా మొగ్గు ఐటీఐ వైపు, లేదా అనుభవమున్న దర్జీ దగ్గర ఆరు నెలల పని వైపు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. అర్హులైన 18 ఏళ్లు నిండినవారికి శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు రుణం ఇస్తారు. అమ్మాయిలు సొంతంగా మొదలుపెడితే మహిళా వ్యాపారవేత్తల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018లో నెలకొల్పిన వీ హబ్ తలుపు తట్టవచ్చు.

ఈ సెలవుల్లో మీ అమ్మాయినో అబ్బాయినో పది సంచులు కుట్టనివ్వండి. బంధువులకు కాకుండా, ముక్కూమొహం తెలియనివారికి అమ్మమనండి. కూలి గిట్టిందో లేదో తనే లెక్క రాయాలి. ఆ కాగితం తీసుకుని రండి, కాలేజీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.