ఉత్సాహగానము



సరుకుల కొరకు ఉస్మాన్‌గంజ్‌కు పోయి అబిడ్స్ మీదుగా తిరిగి వచ్చు మన యౌవనస్థులు అక్కడ రాక్ సంగీతము వినుచున్నారు. అది లోకపు పాట యని పెద్దలు విసుగుకొందురు. అందలి మాటలన్నిటిని నేనును మెచ్చను. అయినను దాని వేళ్లు కొన్ని సంఘారాధనలోనివే. అమెరికాలో నల్లజాతి సంఘములో పెరిగిన రొసెట్టా థార్ప్ అను సహోదరి (1915–1973) గిటారు మీటుచు సువార్త గీతములు పాడెను; తరువాతి రాక్ గాయకులు పలువురు ఆమెను విని నేర్చుకొనిరి.

మనకును తాళము క్రొత్తది కాదు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) తమ కీర్తనలను కర్ణాటక రాగతాళములలో కూర్చిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి: పాటకు పైన రాగము, తాళము అచ్చువేసి యుండును. మనమో ఆదితాళపు కీర్తనను శవయాత్రవలె ఈడ్చుచున్నాము! నాట్లలో గొంతెత్తి పాడు అక్కలు గుడిలో పెదవి కదపరు.

పంట పోయినవాడు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఎట్లు పాడుదురని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చదువుడి. పౌలు సీలలు దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేయబడి, మధ్యరాత్రి పాడిరి. అప్పటికి వారి గాయములను ఎవరును కడుగలేదు. ఏడ్చువారిని బలవంతపెట్టకుడి; వారు మౌనముగా నుండగా ప్రక్కవారు వారి కొరకు పాడవలెను.

150వ కీర్తనలో తంబుర, తాళములు, నాట్యము గూడ నున్నవి. డప్పును గుడి బయటనే నిలిపిన సంఘములు దానిని మరల చదువవలెను. వచ్చు ఆదివారము డోలకు, తాళములు తెండి. మొదటి కీర్తననే వేగము తగ్గింపక పాడుదము.