ఆ గుంటడికి మేనమామ ఉన్నాడా?

అరకులోయ,
కార్తీక బహుళ పంచమి

చి.ల.సౌ. అమ్మడిని మామయ్య దీవించి రాయునది. చలి మొదలైంది కనుక మీ అత్త మోకాళ్ల నొప్పులు షరా మామూలే. వలిసె పూలు అయిపోవచ్చాయి, తోటల్లో కాఫీ పళ్లు ఏరుతున్నారు. నీ వాటా పొడి విడిగా పంపుతాను.

బావ ఫోన్ చేసినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఆదివారాలు నువ్వు బాలాపూర్ వెళ్లి రోహింగ్యా పిల్లలకి చదువు చెబుతున్నావని ముందే విన్నాను, సంతోషించాను. ఇప్పుడేమో అక్కడి ఆరేళ్ల గుంటడికి ఎవరూ లేరని పక్క గుడిసె ముసలామె చెబితే వాణ్ణి ఇంటికి తెచ్చేసుకుంటున్నావట. అల్లుడు సరేనన్నాడట. వాడికి చిన్న మంచం కూడా కొన్నారట. మంచం మాట విని మీ అత్త కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం బావని ఒక్కటే అడిగాను: ఆ గుంటడికి మేనమామ ఉన్నాడా, లేడా?

నవ్వకు. మామయ్యకి మేనమామల గోల తప్ప వేరే లోకం లేదని నువ్వు అనుకుంటావని తెలుసు. చెవులు కుట్టేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునేదెవరు? పెళ్లిలో బుట్టతో మోసేదెవరు? అమ్మ పోతే, నాన్న దిక్కుతోచక కూలబడితే, బస్సెక్కి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకునేదెవరు? నీకు ఇది ఒకరు చెప్పాలా! ఆ గుంటడికీ అలాంటివాడు ఎక్కడో ఉండి ఉంటాడు. బాలాపూర్‌లో లేకపోతే జమ్మూలో, హర్యానాలోని నూహ్‌లో, ఢిల్లీలో. అక్కడా లేకపోతే బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ దగ్గర కుటుపలాంగ్ శిబిరంలో. 2017 ఆగస్టు తర్వాత బర్మా నుంచి అటువైపు దాటినవాళ్లే ఏడు లక్షల పైచిలుకు. అంత జనంలో ఒక బిడ్డకి ఎవరూ లేరని పక్క గుడిసె ముసలామె ఎలా చెప్పగలదు? అబద్ధమాడుతోందని కాదు, ఆమెకి తెలిసినంత చెప్పింది.

వెతికితే వాడు చేజారిపోతాడని నీ భయం. అది నాకు అర్థమైంది. అందుకే మా దొడ్డ సంగతి రాస్తున్నాను. నువ్వు పెద్దమ్మమ్మా అని పిలిచేదానివే, ఆవిడే. 1942లో యుద్ధం వల్ల రంగూన్ నుంచి నడిచొచ్చేటప్పుడు మా తాత ఆమెని దారిలో ఎత్తుకొచ్చాడన్నంత వరకు నీకు తెలుసు. ప్రోమ్ దాటి, టౌంగుప్ కనుమ ఎక్కి దిగి, అరకాన్ తీరం వెంట అకియాబ్ మీదుగా చిట్టగాంగ్ చేరిన దారి అది. నువ్వు పెంచుకుంటానంటున్న గుంటడి తాతముత్తాతల నేల మీద నుంచే మనవాళ్లూ నడిచారన్నమాట. కలరాతో ఎంతమంది రాలిపోయారో లెక్కే లేదట. తాత ఆ పిల్లని భుజాన వేసుకొచ్చాడు సరే, తర్వాత ఏం చేశాడో నీకెవరూ చెప్పి ఉండరు. చిట్టగాంగ్‌లో, కలకత్తా క్యాంపులో పిల్ల పేరు, తండ్రి పేరు, రంగూన్‌లో ఉన్న వీధి పేరు రాయించాడు. ఊరు చేరాక కోరంగికీ కాకినాడకీ తెలిసినవాళ్లందరికీ కార్డులు రాశాడు. యుద్ధం అయిపోయాక ఒక పొద్దున్నే ఒకాయన గొడుగు చంకన పెట్టుకొని మా వీధిలోకొచ్చి, మా అక్క కూతురు ఇక్కడుందా అని అడిగాడట. కాకినాడ రేవులో పని చేసే మనిషి. అరుగు మీద కూర్చొని మంచినీళ్లు కూడా ముట్టకుండా ఏడ్చాడట.

ఆయన పిల్లని తీసుకుపోలేదు అమ్మడూ. పిల్ల మా అమ్మమ్మ కొంగు వదల్లేదు. ఇక్కడే పెరగనీయండి, సంక్రాంతికి నేనొచ్చి చూసి పోతాను అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు, పెళ్లిలో బుట్ట ఆయనే ఎత్తాడు. దొడ్డకి రెండు పుట్టిళ్లు. నేను రంగూన్‌లో పుట్టి, బర్మా పాలకుడు నే విన్ షాపులన్నీ లాగేసుకున్నాక ఓడలో విశాఖ వచ్చి, కంచరపాలెం బర్మా క్యాంపులో పెరిగినవాణ్ణి. తప్పిపోయినవాళ్ల కోసం రేవు దగ్గర నిలబడేవాళ్ల మొహాలు నాకు తెలుసు.

ఇక్కడి కొండల్లోనూ చూశాను. ఆశ్రమ పాఠశాలలో పనిచేసే రోజుల్లో పట్నం నుంచి జీపుల్లో వచ్చి, అనాథ పిల్ల ఉంటే చెప్పండి మాస్టారూ, కూతుర్లా చూసుకుంటాం అనేవాళ్లు. రెండో ప్రశ్న, వంట వచ్చా అని. టీ ఇచ్చి పంపేసేవాణ్ణి. హాస్టల్ రిజిస్టర్లో తల్లిదండ్రులు లేరని రాసి ఉన్న ఒక పోర్జా తెగ పిల్లాడుండేవాడు. మాచ్‌ఖండ్ ప్రాజెక్టుకి జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు వాడి తల్లివైపు వాళ్ల ఊరు మునిగి, తలో దిక్కూ అయ్యారు. ఒక సంతరోజు ఒడిశా వైపు పాడువా నుంచి పసుపు, చింతపండు కావిడితో వచ్చిన మనిషి వీణ్ణి చూసి ఆగిపోయాడు. చెల్లెలి పోలిక పట్టుకున్నాడు. సెలవులకి మేనమామ ఇంటికి పోతానని మిగతా పిల్లలందరికీ చెప్పుకుంటూ తిరిగిన వాడి గర్వం నువ్వు చూడాల్సింది.

పేదవాళ్ల పిల్లలకి అనాథలని పేరు పెట్టడం తేలిక. 1999 నుంచి 2001 దాకా అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన గొడవ నీ చిన్నప్పటిది, గుర్తుండదు. దేవరకొండ వైపు లంబాడా తండాల్లో ఆడపిల్లల్ని కొని, తల్లులే వదులుకున్నట్టు వేలిముద్రలు వేయించుకొని, విదేశీ దత్తతలకి పంపడానికి హైదరాబాద్ శిశు గృహాల్లో ఉంచారు. చివరికి ప్రభుత్వం అలా వదులుకునే పత్రాలే చెల్లవని చెప్పాల్సొచ్చింది. 2007లో ఆఫ్రికాలోని చాద్ దేశంలో ఒక ఫ్రెంచి సంస్థ డార్ఫర్ యుద్ధ అనాథలంటూ 103 మంది పిల్లల్ని విమానం ఎక్కించబోయి పట్టుబడింది. తీరా చూస్తే చాలామందికి ఇళ్లూ అమ్మానాన్నలూ ఉన్నారు, చాలామంది అసలు డార్ఫర్ వాళ్లే కారు. అక్కడ పెంచుకుందామని ఎదురుచూసిన ఫ్రాన్స్ దంపతుల్లో నీలాంటి మంచివాళ్లే ఉండి ఉంటారు. మంచితనం చాలదని అంటున్నాను, అంతే.

ఇక చట్టం. ముసలామె ఇచ్చింది, నేను తెచ్చుకున్నాను అంటే కుదరదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పద్ధతి తప్పి బిడ్డని దత్తత తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నిన్ను బెదిరించడానికి రాయలేదు, రాత్రికి రాత్రి పోలీసొచ్చి వాణ్ణి నీ చేతుల్లోంచి తీసుకుపోతే వాడికి అది రెండోసారి ఇల్లు పోవడమవుతుందని రాశాను. ముందు రంగారెడ్డి జిల్లా బాలల సంక్షేమ సమితి దగ్గరికి వెళ్లాలి. వాళ్లు విచారించి, ఎవరూ లేరని తేలాకే దత్తతకి అర్హుడని ప్రకటిస్తారు. రెండేళ్లు దాటిన పిల్లలకి చట్టం దానికి నాలుగు నెలల గడువు పెట్టింది. శరణార్థి పిల్లల విషయంలో అది చాలదని నా అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1994 నాటి మార్గదర్శకాల్లోనే, అయినవాళ్ల కోసం మామూలుగా కనీసం రెండేళ్లు వెతకకుండా దత్తత మాట ఎత్తొద్దని ఉంది. రెడ్‌క్రాస్‌కి తప్పిపోయినవాళ్లని వెతికే విభాగం ఉంది. ఢిల్లీలో ఆ శరణార్థుల సంస్థ ఆఫీసుంది, బాలాపూర్‌లో చాలామంది చేతుల్లో ఉన్న కార్డులు వాళ్లిచ్చినవే. గుంటడి పేరు, వాళ్లమ్మ పేరు, ఊరు, అమ్మమ్మ ఊరు రాసి పంపు. మేనమామ అమ్మమ్మ ఊరి నుంచే దొరుకుతాడు.

ఇంకో చేదు మాట. వాడు అర్హుడని తేలినా నీకే ఇస్తారని లేదు. దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా పద్ధతిలో వరస ఉంటుంది, ఫలానా బిడ్డే కావాలంటే కుదరదు. ఫోస్టర్ కేర్ అని ఒక దారి ఉంది, అలా కొంతకాలం పెంచిన కుటుంబం తర్వాత దత్తత అడగవచ్చు. దాని గురించి సమితిలోనే అడుగు. దత్తత వచ్చినా పౌరసత్వం దానంతటది రాదు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. అనుమతి లేకుండా వచ్చినవాళ్లని పౌరసత్వ చట్టం చూసే చూపు వేరు, వాళ్లకి మామూలుగా నమోదు ద్వారా పౌరసత్వం ఇవ్వదు. మంచి వకీలుని పెట్టుకో. ఫీజు నేనిస్తాను, అల్లుడు మొహమాటపడొద్దని చెప్పు.

మతం వేరని బావ సణిగాడు. పట్టించుకోకు. ఏ మతం వాళ్లయినా అప్పటి బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో షబ్నమ్ హష్మీ కేసులో చెప్పేసింది. కానీ వాడి పేరు మార్చకు. రంజాన్‌కి వాణ్ణి వాళ్లవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. వాళ్ల మాట వాడు మరిచిపోతే, రేపు ఆ మేనమామ ఫోన్ చేసినప్పుడు ఏం మాట్లాడతాడు? చూశావా, మళ్లీ అక్కడికే వచ్చాను.

మేనమామ దొరికి, ఆయన బీదవాడై, పిల్లాణ్ణి తన దగ్గరే ఉంచుకుంటానంటే నువ్వేం చేస్తావు? నన్నడిగితే, మంచానికీ బడికీ పెట్టదలచిన డబ్బు ఆ ఇంటికి పంపు, సెలవులకి పిలిపించుకో. గుండె నొస్తుంది, తెలుసు. నీకు ఏడుపొస్తే ఫోన్ చేయి, అర్ధరాత్రయినా సరే, కొండ మీద సిగ్నల్ ఉన్న చోటికి నడిచి వెళ్లి మాట్లాడతాను. ఎవరూ దొరక్కపోతే మాత్రం వాణ్ణి వదలకు. ఎన్నేళ్లయినా ఆ సమితి మెట్లు ఎక్కుతూనే ఉండు. అప్పుడు వాడికి తాతయ్యని నేనే. చెవులు కుట్టించే ఆచారం వాళ్లకి లేకపోతే ఇంకేదో చూసుకుంటాం.

ఈ వారంలోనే సమితికి అర్జీ పెట్టు, నకలు నాకు పంపు. హాజరవ్వాల్సిన తేదీ తెలియగానే రాయి. నేను వస్తాను, ఒంటరిగా వెళ్లొద్దు.

ఆశీస్సులతో,
మీ మామయ్య